డబ్బా మీద పేరు, లోపల చిప్పు

కొండాపూర్‌లోనో మాదాపూర్‌లోనో ఏ పీజీ హాస్టల్ గదిలోనైనా కనిపించగల దృశ్యమే ఇది. మంచం మీద ఏడెనిమిదేళ్ల నాటి ల్యాప్‌టాప్, దాని పక్కన ఉబుంటు ఎక్కించిన పెన్‌డ్రైవ్. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 ఏమో పాత ప్రాసెసర్‌ను గడప తొక్కనివ్వదు. బాగా పనిచేస్తున్న యంత్రాన్ని పడేయడానికి మనసొప్పక కుర్రాడు లినక్స్ ఎక్కిస్తాడు. అరగంటలో పని అయిపోతుంది. తెర వెలుగుతుంది, పాట మోగుతుంది, టచ్‌ప్యాడ్ మీద వేలు ఆడితే బాణం గుర్తు ఆడుతుంది. మూలన ఉండాల్సిన వైఫై గుర్తు మాత్రం ఉండదు. డ్రైవర్ దించుకోవాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి. పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కాదు, పెళ్లయితేగానీ పిచ్చి కుదరదు అన్న సామెత వీళ్ల కోసమే పుట్టినట్టుంటుంది. చివరికి ఫోన్‌కు కేబుల్ తగిలించి, యూఎస్‌బీ టెథరింగ్ పెట్టి ఆ రాత్రి గట్టెక్కుతాడు. పొద్దున్నే చేసే మొదటి పని, ఒక వైఫై డాంగిల్ కోసం వెతకడం.

ఆ వెతుకులాటలో ఎదురయ్యేవన్నీ కంపెనీల పేర్లు. టీపీ-లింక్, డీ-లింక్, నెట్‌గేర్, ఆసుస్. లినక్స్ వరకు వస్తే ఈ పేర్లు చెప్పేది దాదాపు ఏమీ లేదు. ఆ పెట్టెలోని రేడియో చిప్పును చేసేవాళ్లు వేరు: రియల్‌టెక్, మీడియాటెక్, క్వాల్‌కామ్, ఇంటెల్, బ్రాడ్‌కామ్. ల్యాప్‌టాప్‌లలో, డాంగిళ్లలో కనిపించే వైఫై చిప్పుల్లో అత్యధికం ఈ ఐదు ఇళ్లవే. డ్రైవర్ రాసేది చిప్పుకే. పైనున్న ప్లాస్టిక్ తొడుగు ఎవరిదైనా డ్రైవర్‌కు పట్టదు.

ఈ తేడా ఎంత ఖరీదైనదో చెప్పడానికి ఒక్క డాంగిల్ కథ చాలు. టీపీ-లింక్ టీఎల్-డబ్ల్యూఎన్722ఎన్. తెల్లటి చిన్న ముక్క, పక్కన విప్పి తిప్పుకునే యాంటెన్నా. మొదటి వెర్షన్‌లో అథెరోస్ వారి ఏఆర్9271 చిప్పు ఉండేది. 2010 నుంచి ఆ చిప్పుకు లినక్స్ గుండెకాయ లాంటి కెర్నల్‌లోనే డ్రైవర్ ఉంది, పేరు ఏథ్9కే-హెచ్‌టీసీ. 2013లో దాని ఫర్మ్‌వేర్ సోర్స్‌ను కూడా కంపెనీ బయటపెట్టింది. పోర్టులో గుచ్చితే అంతే, మరో మాట లేదు. ఆ డాంగిల్‌కు లినక్స్ లోకంలో వచ్చిన మంచి పేరు అంతా ఇంతా కాదు. తర్వాత రెండో వెర్షన్ వచ్చింది. అదే పేరు, అదే ఆకారం. లోపల మాత్రం రియల్‌టెక్ ఆర్‌టీఎల్8188ఈయూఎస్. మొదటిదాని డ్రైవర్ దీనికి పనికిరాదు. దీని సొంత డ్రైవర్ చాలాకాలం కెర్నల్ నడింట్లోకి రాలేక ‘స్టేజింగ్’ అనే వీధి అరుగు మీదే కూర్చుంది. పాత సలహా విని కొత్త వెర్షన్ కొన్నవాళ్లు ఎంతమందో! పెట్టె వెనక స్టిక్కర్ మీద సన్న అక్షరాల్లో వెర్షన్ 1 అనో 2 అనో ఉంటుంది. మొత్తం తేడా అక్కడే. అమీర్‌పేటలో ఎథికల్ హ్యాకింగ్ కోర్సులో చేరి, ‘మానిటర్ మోడ్’ కోసం ఇదే మోడల్ కొనుక్కునే విద్యార్థులను ఈ అంకె ఇప్పటికీ ఏడిపిస్తూనే ఉంది.

చిప్పు చూడకుండా కొంటే చేతికొచ్చేది చిప్పే అని ఎవరైనా వేళాకోళం చేస్తే తప్పు పట్టలేం.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ను ఎవరూ పూర్తి పేరుతో పిలవరు, సీటీసీ అంటారు. ఆన్‌లైన్ అమ్మకాలు ఎంత పెరిగినా కేబుల్ నుంచి మదర్‌బోర్డు దాకా చేత్తో పట్టుకుని చూసి కొనాలంటే నగరంలో మొదట తోచేది అదే. అక్కడైనా, మరెక్కడైనా కౌంటర్ దగ్గర సంభాషణ ఇంచుమించు ఇలాగే సాగుతుంది. “అన్నా, ఇది లినక్స్‌ల పన్జేస్తదా?” “ఎందుకు పన్జెయ్యది సార్, లోపల డ్రైవర్ సీడీ ఉంది.” అబద్ధం చెప్పాలన్న ఉద్దేశం అతనికి లేదు. పెట్టె మీద చిప్పు పేరు రాయరు గనుక అతనికీ తెలియదు. ఉన్నదల్లా ‘ఏసీ600’, ‘ఏసీ1300’, ‘ఏఎక్స్1800’ లాంటి అంకెలు. అవి రెండు బ్యాండ్ల గరిష్ఠ వేగాల్ని కూడి గుండ్రం చేసిన లెక్కలు. కొన్ని పెట్టెల మీద లినక్స్ అని రాసి, పక్కనే ఏ కెర్నల్ వరకో ఇరుకు అక్షరాల్లో ఉంటుంది. ఆ కెర్నల్ ఏ పదేళ్ల కిందటిదో అయితే ఆ మాటకు విలువ లేదు.

సీడీ మాట వచ్చింది గనుక ఇంకో చిత్రం. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు సీడీ డ్రైవ్ లేదని కొన్ని డాంగిళ్లు తామే సీడీ వేషం వేస్తాయి. గుచ్చగానే వైఫై కార్డుగా కాక విండోస్ డ్రైవర్ ఉన్న డిస్కుగా కనబడతాయి. విండోస్ దాన్ని చదివి, డ్రైవర్ ఎక్కించుకుని, ‘ఇక వేషం తీసెయ్’ అంటుంది. లినక్స్‌లో ఆ మాట చెప్పడానికి యూఎస్‌బీ-మోడ్‌స్విచ్ అనే చిన్న ఉపకరణం కావాలి. అది లేనిచోట కొత్త డాంగిల్ ఎంతసేపు చూసినా సీడీగానే కూర్చుంటుంది. పాడైపోయిందనుకుని దుకాణంలో తిరిగిచ్చేసి వచ్చేవాళ్లూ ఉంటారు.

అసలు ప్రశ్న ఇక్కడ మొదలవుతుంది: డ్రైవర్ కాపురం ఎక్కడ? కెర్నల్ లోపలా, బయటా?

కెర్నల్ లోపల ఉన్న డ్రైవర్‌ను కెర్నల్ మారినప్పుడల్లా కెర్నల్ రాసేవాళ్లే సరిచేసుకుంటూ పోతారు. వాడేవాడికి ఆ గొడవే తెలియదు. బయటి డ్రైవర్ సంగతి వేరు. చిప్పు కంపెనీ ఎప్పుడో విడుదల చేసిన కోడ్‌ను ఎవరో ఔత్సాహికులు నిలబెడుతుంటారు. డీకేఎంఎస్ అనే ఏర్పాటు కెర్నల్ అప్‌డేట్ వచ్చినప్పుడల్లా దాన్ని మళ్లీ కంపైల్ చేస్తుంది. సాఫీగా సాగినన్నాళ్లు సాగుతుంది. ఒక శుక్రవారం సాయంత్రం అప్‌డేట్‌తో కెర్నల్ లోపలి ఫంక్షన్ ఏదో మారుతుంది, కంపైల్ విఫలమవుతుంది, సోమవారం పొద్దున స్టాండప్ మీటింగ్‌కు వైఫై ఉండదు. పైగా సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే సంతకం లేని మాడ్యూల్‌ను కెర్నల్ లోపలికి రానివ్వదు. సొంత తాళంచెవి తయారుచేసి, రీబూట్ చేసి, నీలిరంగు తెర మీద నమోదు చేసుకోవాలి. సొంత ల్యాప్‌టాప్‌లో ఇది ఒక రాత్రి చదువు. ఆఫీసు ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో అయితే ఐటీ విభాగం అనుమతి లేకుండా ఇది కుదరదు. హైటెక్ సిటీలో లినక్స్ వాడేవాళ్లలో ఎక్కువమంది జీతం తెచ్చే పని కూడా దాని మీదే చేస్తారు గనుక ‘నమ్మకం’ అన్న మాటకు అర్థం వేగం కన్నా ఇదే: అప్‌డేట్ తర్వాత కూడా బతికుండటం.

ఇంత పేచీ ఎలా వచ్చిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. వైఫై తొలి ప్రమాణం 802.11 వచ్చింది 1997లో. మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించింది 1998 నవంబర్ 22న. రెండూ ఇంచుమించు ఒక ఈడువే. ఆ తర్వాతి పదేళ్లు లినక్స్‌కు గడ్డుకాలం. చిప్పు కంపెనీలు వివరాలు బయటపెట్టేవి కావు. రేడియో శక్తిని, ఫ్రీక్వెన్సీని వాడేవాళ్లు ఇష్టం వచ్చినట్టు మార్చేస్తే నియంత్రణ సంస్థలు ఊరుకోవన్నది వాళ్ల సాకు. అందులో కొంత నిజమూ ఉంది. అథెరోస్ కార్డులకు ‘మ్యాడ్‌వైఫై’ ఉండేది, దాని నడిమి ముక్క మూతపెట్టిన బైనరీ. ఇంకా దిక్కులేనివాళ్లు ‘ఎన్‌డిఐఎస్‌ర్యాపర్’తో విండోస్ డ్రైవర్‌నే లినక్స్‌లో తోలేవాళ్లు. ఆ రోజుల్లో అమీర్‌పేటలో లినక్స్ నేర్చుకున్న ఇప్పటి నడివయసు ఇంజినీర్లను కదిపితే ఈ పేరు వినగానే నిట్టూరుస్తారు.

మలుపు 2007, 2008లలో వచ్చింది. మ్యాక్80211 అనే ఉమ్మడి పునాది కెర్నల్‌లో చేరింది. 2008లో అథెరోస్ స్వయంగా ఏథ్9కే డ్రైవర్‌ను తెరిచి ఇచ్చింది. 2010 సెప్టెంబర్‌లో బ్రాడ్‌కామ్ కూడా ఒక బహిరంగ డ్రైవర్ విడుదల చేసింది, అయితే అన్ని చిప్పులకూ కాదు. కంపెనీలు పట్టించుకోని చిప్పుల్ని సాకినవాళ్లు వేరే ఉన్నారు. అమెరికన్ లారీ ఫింగర్ బ్రాడ్‌కామ్, రియల్‌టెక్ డ్రైవర్ల మీద దాదాపు రెండు దశాబ్దాలు పనిచేసి 2024 జూన్‌లో కన్నుమూశాడు. ఏదో చౌక డాంగిల్ లినక్స్‌లో గుచ్చగానే వెలిగితే, దాని వెనక ఆయన చెయ్యి ఉండే అవకాశం గట్టిదే.

ఫర్మ్‌వేర్ సంగతి ఇంకో పేచీ. చిప్పు లోపల నడిచే చిన్న ప్రోగ్రాం అది, సాధారణంగా సోర్స్ ఇవ్వరు. సోర్స్ లేనిది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదని డెబియన్ ఏళ్ల తరబడి దాన్ని తన ఇన్‌స్టాలర్‌లో పెట్టలేదు. సిద్ధాంతం బాగుంది, వైఫై మాత్రం రాలేదు. 2022లో సభ్యులు ఓటింగ్ పెట్టుకుని పద్ధతి మార్చుకున్నారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాలర్‌తో పాటే వస్తోంది. తెలుగులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం నడుపుతున్న ‘స్వేచ్ఛ’ లాంటి సంస్థలు కాలేజీల్లో లినక్స్ ఎక్కించే శిబిరాలు పెడుతుంటాయి. అలాంటి చోట్ల ఈ ఒక్క మార్పు తప్పించిన శ్రమ చిన్నది కాదు.

ఇక హైదరాబాద్ వాటా. నగరంలో డాంగిల్ కోసం కౌంటర్ల ముందు తిరిగేవాళ్లలో చాలామందికి తెలియని విషయం: లినక్స్ కెర్నల్‌లోని వైఫై డ్రైవర్ల వరసలో ‘ఆర్‌ఎస్‌ఐ’ అనే ఒక డైరెక్టరీ ఉంది. ఆ అక్షరాలు రెడ్‌పైన్ సిగ్నల్స్‌వి. వెంకట్ మట్టెల 2001లో స్థాపించిన కంపెనీ అది. పేరుకు కాలిఫోర్నియాది, చిప్పు డిజైన్ చేసిన పెద్ద కేంద్రం హైదరాబాద్‌లో. ఆర్‌ఎస్9113 అనే తమ వైఫై చిప్పుకు డ్రైవర్‌ను 2014లో వాళ్లే కెర్నల్‌కు సమర్పించారు. ప్యాచ్‌ల కింద ఉన్న పేర్లలో తెలుగు ఇంటిపేర్లు కూడా కనిపిస్తాయి. 2020లో రెడ్‌పైన్ వైఫై, బ్లూటూత్ వ్యాపారాన్ని, హైదరాబాద్ కేంద్రంతో సహా, సిలికాన్ ల్యాబ్స్ 30.8 కోట్ల డాలర్లకు కొనేసింది. ఆ చిప్పులు డాంగిళ్ల కోసం చేసినవి కావు. పరిశ్రమల పరికరాల్లో, గేట్‌వేలలో కూర్చునేవి. అందుకే సీటీసీ కౌంటర్ మీద ఆ పేరు వినిపించదు. రాసినవాళ్లు ఆ పని వదిలి వెళ్లినా, కంపెనీ చేతులు మారినా డ్రైవర్ మాత్రం ఉబుంటులోనూ ఫెడోరాలోనూ ఆ పేరుతోనే ఉంది. కెర్నల్ లోపల కాపురం ఉండటమంటే ఏమిటో దీన్ని చూస్తే తెలుస్తుంది.

క్వాల్‌కామ్ సంగతీ చెప్పుకోవాలి. 2011లో అథెరోస్‌ను 300 కోట్ల డాలర్లకు పైగా పెట్టి కొన్నది ఈ కంపెనీయే. దాని అమెరికా బయటి పెద్ద కేంద్రాల్లో ఒకటి హైదరాబాద్‌లో ఉంది. వైఫై సాఫ్ట్‌వేర్ మీద పనిచేసే ఇంజినీర్లు తిరిగే ఐటీ కారిడార్ ఇది. అయినా అదే కారిడార్‌లో టీ తాగుతూ ‘నా డాంగిల్‌లో ఏ చిప్పుందిరా’ అని తల పట్టుకునే కుర్రాడికి జవాబు చెప్పే కాగితం పెట్టెలో లేదు. దీపం కింద చీకటి అంటే ఇదే కాబోలు.

ఇప్పుడు కంపెనీల వారీగా. ల్యాప్‌టాప్ విప్పి లోపలి కార్డు మార్చుకునే వీలుంటే మరో ఆలోచన వద్దు, డాంగిల్ కన్నా అదే మేలు. లోపలి కార్డుకు మామూలుగా మూత చుట్టూ తిరిగిన రెండు యాంటెన్నా తీగలుంటాయి. వేలి గోరంత డాంగిల్‌కు ఆ భాగ్యం లేదు. లోపలి కార్డుల్లో తొలి పేరు ఇంటెల్. ఐడబ్ల్యూఎల్‌వైఫై డ్రైవర్‌ను ఇంటెల్ మనుషులే కెర్నల్‌లో నడుపుతున్నారు. ఏఎక్స్200కు 5.1 కెర్నల్, ఏఎక్స్210కు 5.10 ఉంటే చాలు, ఈ రోజు దొరికే ఏ డిస్ట్రిబ్యూషన్‌లోనైనా అంతకన్నా కొత్త కెర్నలే ఉంటుంది. రెండు వేల రూపాయలకు అటూ ఇటూగా దొరికే ఏఎక్స్210 ఏఎండీ ల్యాప్‌టాప్‌లోనూ పనిచేస్తుంది. పొరపాటు జరిగేది పక్క అంకె దగ్గర. ఏఎక్స్201, ఏఎక్స్211 కూడా చూడ్డానికి అలాగే ఉంటాయి, ధర ఇంకా తక్కువ. వాటిలో సగం రేడియో మాత్రమే ఉంటుంది. మిగతా సగం ఇంటెల్ ప్రాసెసర్ పక్కన, సీఎన్‌వీఐ అనే ఏర్పాటులో ఉంటుంది. తగిన ఇంటెల్ ప్రాసెసర్ లేని చోట అవి కదలవు. వైఫై 7 కోసం ఎగబడి బీఈ200 కొన్న ఏఎండీ యజమానులు చాలామంది చేతులు కాల్చుకున్నారు. ఇంటెల్‌కు ఇంకో వంక కూడా ఉంది. ల్యాప్‌టాప్ నుంచే 5 గిగాహెర్ట్జ్ హాట్‌స్పాట్ పెడదామంటే ఆ కార్డులు సాధారణంగా ఒప్పుకోవు. ఏ దేశంలో ఉన్నామో తామే తేల్చుకునే నియమం ఒకటి ఫర్మ్‌వేర్‌లో ఉంది.

మీడియాటెక్ ఈ పదేళ్లలో మెల్లగా మంచి పేరు తెచ్చుకుంది. ఎంటీ76 డ్రైవర్ కుటుంబం పూర్తిగా కెర్నల్‌లోనే ఉంది. ఏఎండీ ల్యాప్‌టాప్‌లలో ఆర్‌జెడ్608, ఆర్‌జెడ్616 పేర్లతో వచ్చే కార్డులు నిజానికి మీడియాటెక్ ఎంటీ7921, ఎంటీ7922లే. ఇక్కడా పేరు ఒకరిది, చిప్పు ఒకరిది. క్వాల్‌కామ్ కొత్త కార్డులకు ఏథ్11కే, ఏథ్12కే ఉన్నాయి. వేగానికి లోటు లేదు. ల్యాప్‌టాప్ మూసి తెరిచినప్పుడు నిద్రలేవని జబ్బు మాత్రం కొన్ని మోడళ్లను చాలాకాలం వేధించింది.

రియల్‌టెక్ గురించి తీర్పు చెప్పడం కష్టం, ఎందుకంటే అది ఒక కంపెనీలా కాక మూడు తరాల ఉమ్మడి కుటుంబంలా ప్రవర్తిస్తుంది. తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో విరివిగా కనిపించే ఆర్‌టీఎల్8821సీఈకి 2020లో వచ్చిన 5.9 కెర్నల్‌తో గానీ లోపలి డ్రైవర్ రాలేదు, అంతదాకా అందరూ డీకేఎంఎస్ మీదే బండి లాగించారు. యూఎస్‌బీ చిప్పులైన 8822బీయూ, 8821సీయూలకు 6.2తో, అంటే 2023లో, తలుపు తెరుచుకుంది. మార్కెట్‌లో కుప్పలుగా ఉన్న ఆర్‌టీఎల్8811ఏయూ, 8812ఏయూలకు 2025లో వచ్చిన 6.14 నాటికి గానీ మోక్షం కలగలేదు. ఉబుంటు 24.04 మొదట వచ్చింది 6.8తో, డెబియన్ 13 వచ్చింది 6.12తో. అంటే ‘ఇప్పుడు కెర్నల్‌లో ఉంది’ అన్న మాట నిజమే అయినా, కొనేవాడి ల్యాప్‌టాప్‌లో నిజం కాకపోవచ్చు. టెర్మినల్ తెరిచి ‘యూనేమ్ -ఆర్’ కొట్టి తన కెర్నల్ అంకె తెలుసుకున్నాకే బేరానికి దిగాలి.

లోపలి రియల్‌టెక్ కార్డుల్లో ఒక ముచ్చట దగ్గర్నుంచి చూడదగ్గది. ఆర్‌టీఎల్8723బీఈ ఉన్న కొన్ని ల్యాప్‌టాప్‌లలో రౌటర్ పక్కన కూర్చుంటేనే వైఫై వస్తుంది, పక్క గదికి వెళ్తే పోతుంది. డ్రైవర్ ఉంది, ఫర్మ్‌వేర్ ఉంది, తప్పెక్కడో తెలియదు. విప్పి చూస్తే కార్డు మీద యాంటెన్నా తగిలించే బుడిపెలు రెండు, తయారీదారు డబ్బు మిగుల్చుకోవడానికి ఇచ్చిన తీగ ఒకటే. ఆ ఒక్క తీగ ఏ బుడిపెకు ఉందో కార్డులో తప్పుగా రాసి ఉండటంతో డ్రైవర్ ఖాళీ బుడిపె దగ్గర చెవొగ్గి కూర్చుంటుంది. మాడ్యూల్‌కు ‘యాంట్-సెల్=2’ అన్న ఒక్క ముక్క జోడిస్తే రెండో చెవితో వింటుంది. స్క్రూడ్రైవర్ ఉన్నవాళ్లు తీగనే పీకి పక్క బుడిపెకు నొక్కుతారు. ఈ సంగతి తెలియక కొత్త డాంగిల్‌కు డబ్బు పోసినవాళ్లు లెక్కలేనంతమంది.

కార్డు మార్చడం కూడా అన్ని యంత్రాల్లో ఒకేలా ఉండదు. కంపెనీలు వాడి వదిలేసిన థింక్‌ప్యాడ్‌లు, ల్యాటిట్యూడ్‌లు, ఎలైట్‌బుక్‌లు నగరంలో సెకండ్‌హ్యాండ్ మార్కెట్‌ను నింపేస్తున్నాయి. లినక్స్‌కు వాటిని మించినవి లేవని చాలామంది నమ్మకం, అది తప్పు కాదు. థింక్‌ప్యాడ్ టీ480 కింది మూత తీస్తే వేలి కణుపంత ఎం.2 కార్డు, ఒక్క స్క్రూ. ఐదు నిమిషాల పని. అంతకన్నా పాత టీ430, ఎక్స్230లలో బయోస్ దగ్గర ఒక అతిథుల జాబితా ఉంటుంది. జాబితాలో లేని కార్డు పెడితే ‘1802’ అనే తప్పు చూపించి బూట్ కావడానికే ఒప్పుకోదు. పాత మినీ పీసీఐఈ కార్డుకూ కొత్త ఎం.2 కార్డుకూ తీగ చివరి లోహపు మూతల సైజు వేరు. పెద్దదాన్ని చిన్నదాని మీద బలంగా నొక్కితే బుడిపె ఊడి వస్తుంది. సన్నటి ల్యాప్‌టాప్‌లలో కార్డు బోర్డుకే అతికేసి ఉంటుంది, అక్కడ మార్చే ప్రసక్తే లేదు. పాత మ్యాక్‌బుక్‌లలోని బ్రాడ్‌కామ్ కార్డులదీ దాదాపు అదే కథ. మూతపెట్టిన ‘డబ్ల్యూఎల్’ డ్రైవర్‌తో సర్దుకోవడమో, డాంగిల్ పెట్టుకోవడమో.

డాంగిలే శరణ్యమైనప్పుడు, ఈ రోజుకు తలనొప్పి లేని చిప్పులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. 5 గిగాహెర్ట్జ్ కావాలంటే మీడియాటెక్ ఎంటీ7612యూ, ఎంటీ7610యూ. రెండింటికీ 2018 నాటి 4.19 కెర్నల్ నుంచీ లోపలే డ్రైవర్ ఉంది. వైఫై 6 కావాలంటే ఎంటీ7921ఏయూ, 5.18 కెర్నల్ నుంచి. ఆల్ఫా కంపెనీ ఈ చిప్పులతో చేసే ఏడబ్ల్యూయూఎస్036ఏసీఎం, ఏడబ్ల్యూయూఎస్036ఏఎక్స్ఎంఎల్ లినక్స్‌వాళ్ల నోట నలిగిన పేర్లు. దిగుమతి సరుకు గనుక ధర చౌక నానో డాంగిల్‌కు ఎన్నో రెట్లు. ఇంటి కరెంటు బిల్లు చూసి ఉలిక్కిపడే మధ్యతరగతి మనసుకు ఇది మింగుడుపడదు. అయితే మూడు చౌక డాంగిళ్లు మార్చినవాడి ఖర్చు ఎవరూ లెక్క వేయరు. 2.4 గిగాహెర్ట్జ్ చాలనుకుంటే ఏఆర్9271 ఇప్పటికీ నిక్షేపం.

చాలుతుందా అన్నది వేరే ప్రశ్న. గచ్చిబౌలిలో ఏ అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులోనైనా ఫోన్ తెరిస్తే ఇరుగుపొరుగు రౌటర్ల పేర్లు తెర దాటిపోతాయి. 2.4లో ఒకదానిమీద ఒకటి పడకుండా ఉండే ఛానెళ్లు మూడే: 1, 6, 11. అన్ని ఇళ్లూ ఆ మూడు సందుల్లోంచే వెళ్లాలి. సాయంత్రం ఆరింటికి బయోడైవర్సిటీ జంక్షన్ ఎలా ఉంటుందో అక్కడా అలాగే ఉంటుంది. మన దేశంలో 5 గిగాహెర్ట్జ్‌లో 605 మెగాహెర్ట్జ్‌ను లైసెన్సు లేకుండా వాడుకోనిస్తూ 2018 అక్టోబర్‌లో కేంద్రం నిబంధనలు తెచ్చాక ఆ బ్యాండ్ విశాలమైంది. అందుకే 2.4 మాత్రమే పట్టే నూట యాభై మెగాబిట్ల నానో డాంగిల్ ఎంత చౌకైనా ఈ కారిడార్‌లో డబ్బు దండగే. 6 గిగాహెర్ట్జ్ దిగువ భాగాన్ని ఇళ్లలో వాడుకోవడానికి 2025 మేలో టెలికం శాఖ ముసాయిదా నిబంధనలు విడుదల చేసింది. ఆ బ్యాండ్ పట్టే కార్డుకు ఎక్కువ పోసేముందు ఇంట్లో రౌటర్ దాన్ని ఇస్తోందో లేదో చూసుకోవడం మేలు. లినక్స్‌లో దేశం అమరిక ‘00’ దగ్గర ఉండిపోతే కొన్ని 5 గిగాహెర్ట్జ్ ఛానెళ్లు కనబడకపోవచ్చు. అమరికను ఇండియాకు మారిస్తే అదే కార్డుకు చూపు వస్తుంది.

నీలి నాలుక ఉన్న యూఎస్‌బీ 3 పోర్టు కూడా ఒక శత్రువే. దాని చప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ రేడియోను కమ్మేస్తుందని ఇంటెల్ 2012లోనే పత్రం రాసింది. హార్డ్‌డిస్క్ పక్క పోర్టులోనే డాంగిల్ పెట్టి, వేగం రావడం లేదని తిట్టుకునేవాళ్లు ఒక మూరెడు ఎక్స్‌టెన్షన్ కేబుల్ వేసి దూరంగా పెట్టి చూడాలి.

అసలు అడాప్టర్ తప్పే లేని సందర్భాలూ తక్కువేం కావు. ఉబుంటు డిఫాల్ట్‌గా వైఫై పవర్ సేవింగ్‌ను ఆన్‌లో ఉంచుతుంది. వీడియో కాల్ మధ్యలో గొంతు తెగిపోతుంటే ముందు దాన్ని ఆపి చూడాలి. కొన్ని పాత డాంగిళ్లు నెట్‌వర్క్ వెతికేటప్పుడు మ్యాక్ అడ్రస్ మార్చే అలవాటుకు తట్టుకోలేవు, నెట్‌వర్క్‌మేనేజర్‌లో ఆ ఒక్కటి ఆపితే కుదుటపడతాయి. ఇంట్లో చక్కగా నడిచి ఆఫీసులో మొరాయించే ల్యాప్‌టాప్‌ది ఇంకో కథ. ఉబుంటు 22.04తో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3 వచ్చింది. పాతకాలపు సర్వర్లతో జరిగే అసురక్షిత బేరసారాలకు అది ఒప్పుకోదు. దాంతో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగే కొన్ని కంపెనీ వైఫైలు కలవడం మానేశాయి. అక్కడ ఎంత ఖరీదైన కార్డు పెట్టినా ఉపయోగం లేదు. మారాల్సింది సర్వర్ గదిలో.

ఇవన్నీ తెలిసినవాడు దుకాణానికి వెళ్లే తీరు వేరుగా ఉంటుంది. సంచిలో ల్యాప్‌టాప్ పెట్టుకునే వెళ్తాడు. “ఒక్కసారి గుచ్చి చూస్త అన్నా, కొంటగద” అంటాడు. కౌంటర్ మీద ల్యాప్‌టాప్ తెరిచి, డాంగిల్ గుచ్చి, ‘ఎల్ఎస్‌యూఎస్‌బీ’ కొడతాడు. తెర మీద ఒక వరస పెరుగుతుంది, అందులో రెండు సంఖ్యల జంట. 7612తో ముగిస్తే మీడియాటెక్, 9271తో ముగిస్తే పాత అథెరోస్. 1ఏ2బీ అని వస్తే సీడీ వేషం ఇంకా విప్పలేదని. తర్వాత ‘డీమెసేజ్’లో ఏ డ్రైవర్ పట్టుకుందో చూస్తాడు, ఫోన్ హాట్‌స్పాట్‌ను 5 గిగాహెర్ట్జ్‌లో పెట్టి కలుస్తుందో లేదో చూస్తాడు. ల్యాప్‌టాప్ మూసి, నిమిషం ఆగి, మళ్లీ తెరుస్తాడు. నెట్‌వర్క్ తిరిగొచ్చిందా లేదా అన్నది చాలామంది చూడరు. కౌంటర్ వెనక కుర్రాడు మెడ సాచి తెర వైపు చూస్తూ, ఆ అంకెల్ని పెట్టె మూత మీద బాల్‌పెన్నుతో రాసి పెట్టుకుంటాడు, రేపు ఇంకెవరైనా అడిగితే చెప్పడానికి.